పూవాడకారి పాట

"తుడస్తా ఉండావా, గీకతా ఉండావా?" అని అరుగు మీద నుంచి అడిగాడు కోదండరామన్. వెనక్కి తిరిగి చూడలేదు. కాఫీ లోటా ఒక చేతిలో, పేపరు ఇంకో చేతిలో ఉన్న మనిషి లోపల హాల్లో పెళ్ళాం ఏం చేస్తోందో చూడాలంటే మెడ తిప్పాలి. అంత శ్రమ ఆయనెందుకు పడతాడు?

అమరావతి పాత పంచె చింపిన మెత్తని గుడ్డతో గ్రామఫోను రికార్డుని గాడుల వెంట గుండ్రంగా తుడుస్తూ పోయింది. ఆ ఇంట్లో రికార్డుని తట్టు అంటారు. మూడు వందలకి పైనే ఉన్నాయి తట్లు. ప్రతి పెళ్ళికి ముందూ తుడవాలి, పెళ్ళి నుంచి తిరిగొచ్చాక పన్నీరు మరకలూ పిల్లల నూనె వేళ్ళూ పోయేలా మళ్ళీ తుడవాలి. పీళమేడు నుంచి సూలూరు దాకా, మిల్లు లైన్ల నుంచి తోటల్లోని పల్లెల దాకా, తెలుగువాళ్ళింట పెళ్ళయినా తమిళులింట చెవులు కుట్టినా కోదండరామన్ మైక్ సెట్టు ఉండాల్సిందే. గుంజకి హారన్ కట్టి పాట వెయ్యడం ఎవరికైనా చేతనవుతుంది. ఏ పాట వెనక ఏ పాట రావాలో తెలియడమే విద్య. పెళ్ళికూతురు పందిట్లోకి వచ్చేటప్పుడు వయొలిన్లు మెల్లమెల్లగా లేచే పాట పడాలి. భోజనాల దగ్గర గలగలలాడేది. అప్పగింతలప్పుడు వేణువు ఒక్కటే ఉండేది. ఆ వరస అంతా అమరావతిది. పెరియకుళంలో అయిదో క్లాసు దాకా తమిళం చదువుకున్న చదువుతో లేబుళ్ళు చదివి, పెళ్ళి పాటలకి పసుపు బొట్టు, గుడి పాటలకి కుంకుమ, ఏడుపు పాటలకి కాటుక చుక్క పెట్టి పెట్టెలో సర్ది ఇస్తుంది. అక్కడికి వెళ్ళాక ఆయన ఒకదాని వెనక ఒకటి తీసి వెయ్యడమే.

మిల్లు ఓనరు ముదలాళి కూతురి పెళ్ళిలో పెద్దమనుషులంతా పాటల వరసని మెచ్చుకుంటే, "ఇది మా నాయన ఇచ్చిన చెవి" అని చెవి పట్టుకుని మరీ చూపించాడట. ఒకే ఒక్కసారి కాటుక చుక్క చెరిగిపోయి, తాళి కట్టే వేళకి ఎవరో ఎవరినో వదిలిపోయిన పాట పడింది. ఆ రోజు మాత్రం ఇంటికొచ్చి నలుగురి ముందూ "సర్దింది ఇదే" అన్నాడు. ఆ వరస తనదని తొమ్మిదేళ్ళలో ఒక్కసారైనా ఆయన నోటి వెంట వచ్చినందుకు సంతోషించాలో ఏడవాలో అమరావతికి తెలియలేదు.

అయినా ఆ పనంటే ఆమెకి ప్రాణం. నిజం దాచడం ఎందుకు? ఆ తట్ల మీదకి వంగి ఉన్నంతసేపే ఆమె ఆ ఇంట్లో తలెత్తుకుని ఉండేది. వెలుతురులో వంచి చూస్తే గాడులు ఎక్కడ వెడల్పవుతాయో అక్కడ వయొలిన్లు లేస్తాయని ఆమెకి తెలుసు. ఆ సినిమాలు ఒకటో రెండో చూసింది, అంతే. కానీ ఆ సంగీతం విన్నప్పుడల్లా ఎవరో ఎవరి కోసమో వాకిట్లో నిలబడి ఎదురుచూస్తున్నట్టు ఉండేది. తన కోసం ఎవరూ అలా ఎదురుచూసి ఎరగరు. అన్నం ఆలస్యమైతే ఎదురుచూస్తారు, అది వేరు.

ఆ పని తర్వాత రెండో పని బ్యాటరీలు. కరెంటు రాని పల్లెల్లో సెట్టు బ్యాటరీల మీదే నడవాలి. ఒక్కొక్కటి నిండు బిందెకి రెండింతల బరువు. చార్జీ పెట్టిన బ్యాటరీలని వెనక కొట్టు గది నుంచి అరుగు మీదికి మోసుకొచ్చి పెట్టాలి. ఇంట్లో ఆడమనిషి ఉండగా కూలివాణ్ణి పెట్టుకుంటారా ఎవరైనా?

మొదటి బిడ్డ నాలుగో నెలలో జారిపోయింది. రెండోది అయిదో నెలలో. మొదటిసారే మిల్లు డిస్పెన్సరీలో నర్సమ్మ పక్క సర్దుతూ, "బరువులేమన్నా ఎత్తినావామ్మా?" అని అడిగింది. అమరావతి నోరు తెరిచే లోపల అత్త శివకామి అందుకుంది.

"అది బరువేం ఎత్తలేదమ్మా. దీని పైన బరువు కూసోనుండాది."

ఆ బరువు పేరు పంకజవల్లి. కోదండరామన్ మొదటి పెళ్ళాం. మదురైలో మహాలు వీధి పిల్ల. పుట్టింటికి వెళ్ళి అక్కడే విషజ్వరం తగిలి, నుదుట కుంకుమ పొట్టు, తలలో పూలతో పుణ్యస్త్రీగా పోయిందని ఇక్కడ అందరూ చెప్పేవాళ్ళు. అలా పోయిన ఆడదాన్ని ఆ వైపు పూవాడకారి అంటారు. ఇంటి దేవత కింద లెక్క. ఏటా ఆషాఢంలో, వాళ్ళ ఆడి నెల శుక్రవారం ఇత్తడి కలశానికి పసుపు ముఖం దిద్ది, కొత్త చీర కట్టి, ఆమెకి ఇష్టమైనవన్నీ వండి పెట్టి, ఇంట్లోవాళ్ళని చల్లగా చూడమని మొక్కుతారు. ఆమె పోయిన నాలుగో నెలలో అమరావతిని తెచ్చారు. కోదండరామన్ తాళి కట్టాడు. ఆ తాళి పక్కనే, ఆడమనిషి బొమ్మ చెక్కిన చిన్న బంగారు బిళ్ళని శివకామి తన చేత్తో గుచ్చింది. సవతి బిళ్ళ. రెండో పెళ్ళాం మెడలో మొదటామె ఉండాలి, లేకపోతే ఓర్వదు. వంగి తట్టు తుడిచేటప్పుడల్లా తాళీ బిళ్ళా ఒకదానికొకటి తగిలి చిన్నగా చప్పుడయ్యేవి.

తొమ్మిదేళ్ళలో అమరావతి కోసమని ఆ ఇంట్లో చీర కొన్నది లేదు. ఏటా ఒకటి కొంటారు, పంకజవల్లికి. పూజయ్యాక ప్రసాదంగా దాన్ని అమరావతి కట్టుకోవాలి. పెద్దామెకి వక్కాకు ఎరుపు ఇష్టమని అన్నీ ఆ రంగే. హాల్లో గోడకి ఉన్న అద్దం కూడా పెద్దామె ఎత్తుకి కొట్టిన మేకుకే వేలాడుతోంది. ఆమె పొడగరి. అమరావతి పొట్టు పెట్టుకోవాలంటే మునివేళ్ళ మీద నిలబడాలి. మేకు కిందికి కొట్టమని కొత్తలో ఒకసారి అడిగితే, "ఆయమ్మ కొట్టిచ్చుకునింది, ఉండనీ" అంది శివకామి. తొమ్మిదేళ్ళుగా ప్రతి ఉదయం ఆ మునివేళ్ళ మీదే మొదలవుతోంది. అద్దంలోకి చూసేటప్పుడు తన తలపైన మిగిలిన ఖాళీలో ఇంకో ముఖం ఉన్నట్టే ఉండేది. కొన్ని రోజులు అటు చూడకుండానే పొట్టు పెట్టుకునేది.

ఇన్నిట్లోనూ ఆమెని నిజంగా పట్టుకున్నది గొంతు. పెళ్ళయిన రెండో ఏడు, ఒక పాత తట్టుని వేసి చూస్తుంటే, మజ్జిగ కోసం వచ్చిన వీరమ్మాళ్ గుమ్మంలోనే ఆగిపోయింది. వీరమ్మాళ్ వెనక లైనింట్లో ఉంటుంది, మిల్లులో నూలు చుట్టే రీలింగు ఖాతాలో పని. తల నిండా ఎప్పుడూ దూది పొట్టే. "ఈ గొంతు పంకజమ్మది" అంది. అప్పట్లో ఈ ఊళ్ళోనే సినిమాలు తీసేవాళ్ళట. సెట్టు బాగు చెయ్యడానికి స్టూడియోకి వెళ్ళొచ్చే కోదండరామనే పెళ్ళాన్ని తీసుకెళ్ళి బృందంలో నిలబెట్టాడట. లేబుల్ మీద పాడినామె పేరుంది, సంగీతం కట్టినాయన పేరుంది. చరణానికీ చరణానికీ మధ్య మాటల్లేకుండా "ఆ..." అని తేలిపోయే ఆ గొంతుకి పేరు లేదు. ఎత్తుకునే ముందు ఆ గొంతు చిన్నగా ఊపిరి పీల్చుకుంటుంది, నిండు బిందె చంకకెత్తుకునే ముందు ఆడవాళ్ళు పీల్చుకున్నట్టు. ఆ తర్వాతే రాగం. చివర దిగేటప్పుడు ఒక్క చోట వణుకుతుంది.

అప్పటినుంచి ఇంట్లో ఎవరూ లేనప్పుడు సౌండు తగ్గించి ఆ తట్టు వేసుకోవడం ఆమెకి అలవాటైంది. భయం ఉంది. ఐనా వినేది. "అక్కా" అని పిలిచేది. రెండో బిడ్డ పోయిన వారం నడుం ఎత్తలేక గోడకి ఆనుకుని, ఆ తట్టు వేసి, "అక్కా, నీకు నేనేం చేశానని?" అని అడిగింది. గొంతు ఎప్పటిలాగే ఊపిరి పీల్చుకుని పాడింది, వణకాల్సిన చోటే వణికింది. ఆ ఇంట్లో తనకి ఎదురు చెప్పకుండా, మధ్యలో లేచిపోకుండా కూర్చున్న మనిషి అదొక్కతే. తన బిడ్డల్ని తింటున్నదీ అదేనట.

ఇప్పుడు మళ్ళీ మూడో నెల.

"ఆయమ్మకి మనసు ఆరలే అమరావతీ" అంది శివకామి, ఆ వారం మొదట్లో, పూజకి వండే తీపి కచ్చాయాలకి బెల్లం కొడుతూ. "ఈ తూరి పూసై గట్టిగా సెయ్యాల. పూసై అయినాక ఆ పాత తట్టుని పగలగొట్టి వాయికాలు నీళ్ళల్లో ఇసిరెయ్యాల. అది ఉండేవరకూ ఆ దయ్యం, ఆ పేయి ఇల్లు ఇడసదు. ఈ బిడ్డనైనా మిగలనియ్యాలంటే ఇంక వేరే దారి లే."

"సరింగత్తా" అంది అమరావతి. కడుపు మీద చెయ్యి పెట్టుకుని మరీ అంది. బిడ్డ కోసం తట్టేమిటి, తన చెయ్యి విరగ్గొట్టమన్నా సరేననేది. కానీ ఆ రాత్రంతా ఎవరినో చంపడానికి ఒప్పుకున్నట్టు ఉండింది ఆమెకి.

బుధవారం మధ్యాహ్నం ఆర్.ఎస్. పురం కొట్టు నుంచి మూడు కొత్త తట్లు వచ్చాయి. కొత్తవి వస్తే ముందు అమరావతి వేసి వినాలి, ఏ బొట్టు పెట్టాలో తేల్చాలి. కోదండరామన్ చార్జింగు షాపుకి పోయాడు. అత్త మారియమ్మ కోవెలకి పోయింది. మొదటి తట్టు గుడి పాట, కుంకుమ పెట్టింది. రెండోది మదరాసులో తీసిన కొత్త సినిమాది. ఇంకా ఈ ఊరి థియేటర్లకే రాలేదు. ముల్లు పెట్టింది.

ముందు వీణ లాంటిదేదో నాలుగు చుక్కలు రాల్చింది. దాని వెనక వయొలిన్లు. పది కాదు, ఇరవై కాదు, నలభై ఉంటాయి. ఆడి గాలి చెరుకు తోట మీద పడ్డట్టు ఒక్కసారిగా వంగి లేచాయి. అమరావతి కళ్ళు మూసుకుంది. పసుపు బొట్టే, పెళ్ళికూతురు వచ్చేటప్పుడు వెయ్యాలి అనుకుంటూ ఉంది. పల్లవి అయింది. వయొలిన్లు పైకి పోయి పోయి అక్కడ ఆగాయి.

ఊపిరి వినిపించింది. చిన్నది. బిందె చంకకెత్తుకునే ముందు పీల్చేది.

ఆ తర్వాత "ఆ..." అని ఆ గొంతు.

 ముల్లు ఎత్తింది, మళ్ళీ పెట్టింది. ఊపిరి. గొంతు. చివర దిగేటప్పుడు ఆ ఒక్క చోట వణుకు.  పాత తట్టు పగలగొడతారని తెలిసి కొత్త తట్టులోకి వచ్చి కూర్చుంది. ఈ ఇంటి గడప నిన్నటిదాకా తొక్కని తట్టులోకి! ఇక దేన్ని పగలగొట్టి ఏం లాభం? కడుపు రెండు చేతులా పట్టుకుని అరుగు మీదికి పరిగెత్తుకొచ్చి కూలబడింది. ఎండ కాస్తోంది. గడ్డి బండి ఒకటి పోతోంది. మిల్లు సంగు మూడు గంటల షిఫ్టుకి కూసింది. పట్టపగలు, ఇంత మంది నడిచే వీధిలో, పళ్ళు కొట్టుకుంటూ కూర్చుంది అమరావతి.

చాలాసేపటికి గాని ఆలోచన రాలేదు. వచ్చిన ఆలోచన కూడా విచిత్రమైనది. సరే, దయ్యమే పాడిందనుకో. దయ్యం పాడితే వయొలిన్లు ఆగుతాయా?

లేచి లోపలికి వెళ్ళింది.  మూడోసారి ముల్లు పెట్టింది. ఈసారి గొంతుని కాదు, గొంతు చుట్టూ ఉన్నదాన్ని వింది. తొమ్మిదేళ్ళుగా పాటల వరస సర్దిన చెవి అది. పైకి పోయిన వయొలిన్లు అన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఆ ఊపిరికి సరిపడా చోటు ఖాళీగా ఉంచారు. గొంతు ఎత్తుకున్నాకే మెల్లగా, ఆమె అడుగులో అడుగేస్తూ వెనక వచ్చాయి. అంటే మదరాసులో ఒక గదిలో నలభై మంది మగవాళ్ళు విల్లులు ఎత్తి పట్టుకుని, ఆమె ఊపిరి పీల్చుకునే దాకా ఆగారు. దయ్యం కోసం ఎవరు ఆగుతారు?

గొంతు కూడా మారింది. పాత తట్టులో సన్నగా ఉండేది. ఇందులో కాస్త బరువెక్కింది, అడుగున కొంచెం జీర ఉంది. దయ్యాలకి వయసు రాదు.

వీరమ్మాళ్ షిఫ్టు దిగి దూది దులుపుకుంటూ వెనక దారిన పోతుంటే అమరావతి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది. మాట్లాడకుండా పాట వేసింది. వీరమ్మాళ్ నిలబడినది నిలబడినట్టే కిందికి జారి కూర్చుంది.

"అక్కా, పంకజమ్మ శవాన్ని నువ్వు సూసినావా?"

"నన్నడగొద్దు అమ్మణీ. మీ అత్త ముందర కర్పూరం ఆర్పినాను." వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో కొట్టి ఆర్పి ఒట్టేస్తే ఆ ఒట్టు తప్పకూడదు, తప్పితే వంశం ఆరిపోతుందంటారు. వీరమ్మాళ్ తన అరచెయ్యి చూసుకుంది.

"అంతేనా, ఇంకేం సెప్పవా?"

వీరమ్మాళ్ గుమ్మం వైపు ఒకసారి చూసింది. పాట అయిపోయి ముల్లు గర్రుగర్రుమంటోంది. "సచ్చినోళ్ళ గురించి ఎవురైనా కర్పూరం ఆర్పిస్తారా అమ్మణీ?" అంది.

అమరావతి ముల్లు ఎత్తి పక్కన పెట్టింది.

"ఆయమ్మ యాడికి పొయ్యిందో సెప్పకూడదని నా ఒట్టు. నేను యాడికి పొయ్యేనో సెప్పకూడదని లే. పది ఏండ్ల ముందు ఒక ఉదయం నేను ట్రంకు పెట్టి నెత్తిన పెట్టుకోని పీళమేడు టేసనుకి పొయ్యేను. మదరాసు రైలు పొయ్యేదాకా ఉండి, ఒట్టి చేతుల్తో తిరిగొచ్చేను. అంతే." ఆగి, గొంతు తగ్గించింది. "ఆయమ్మకీ ఒకటి జారిపొయ్యింది అమ్మణీ, నీకు జారినట్టే. ఆ బ్యాటరీలు అప్పుడు ఆయమ్మే ఎత్తతా ఉండె. అప్పుడు మీ అత్త ఏమనిందో తెలుసునా? పాట పేయి పట్టింది, పాడి పాడి బిడ్డని పోగొట్టుకునింది అనె. ఇంక పాడకూడదని గరిటె కాల్చి నోట్లో సూడు కూడా పెట్టబొయ్యిరి. దానికే పొయ్యింది."

పోయేముందు గుమ్మం దగ్గర తిరిగి, "కచ్చాయం వండతా ఉండారా? పావం, ఆయమ్మకి తీపే పడదు" అంది.

ఆ రెండు రోజులు అమరావతికి మనసులో ఏముందో ఆమెకే తెలియలేదు. ముందు గుండె తేలికైంది. తన బిడ్డల్ని ఎవరూ తినలేదు. పైన ఎవరూ కూర్చోలేదు. ఎత్తింది బరువే, ఒట్టి బ్యాటరీల బరువు, నర్సమ్మ అడిగిన బరువు. ఇంత చిన్న మాట చెప్పడానికి ఒక దయ్యాన్ని పుట్టించారు! తర్వాత కోపం వచ్చింది, పంకజవల్లి మీదే వచ్చింది. నువ్వు వెళ్ళిపోయావు సరే, నువ్వు వదిలిన గుంతలో నన్ను తెచ్చి నాటారే, నీ చీరలు కట్టుకుని, నీ అద్దంలో చూసుకుని, నీకు దణ్ణాలు పెట్టుకుని బతికానే, ఒక్క ఉత్తరం ముక్క రాయలేకపోయావా? ఆ కోపం కూడా నిలవలేదు. రాస్తే మాత్రం ఈ ఇంట్లో దాన్ని తన చేతికి ఎవరు ఇచ్చేవాళ్ళు? చివరికి మిగిలింది దిగులు. ఇన్నాళ్ళూ "అక్కా" అంటే గోడ లోపల్నుంచి వింటున్న మనిషి ఒకతె ఉండేది. ఇప్పుడామె గోడలో లేదు. ఎక్కడో సముద్రం ఉన్న ఊళ్ళో, అమరావతి అనే ఒకతె పుట్టిందని కూడా తెలియకుండా, అన్నం తిని, నిద్రపోయి, పొద్దున్నే లేచి పాడుతోంది. బతికున్న మనిషి చచ్చిన మనిషికంటే దూరంగా ఉంటుందని అమరావతికి అప్పుడే తెలిసింది. పూవు కట్టినా అన్నం కలిపినా ఆ గొంతు చెవిలో వదల్లేదు. దయ్యం లేదని తెలిశాక కూడా పట్టుకున్నది వదలదా?

ఇంకొక ఆలోచన నెమ్మదిగా వచ్చి, అది మాత్రం పోకుండా కూర్చుంది. ఈ ఇంట్లో ఆడది చావాలంటే జ్వరం అక్కర్లేదు, గడప దాటితే చాలు.

శుక్రవారం తలంటు పోసుకుని వచ్చి, రుబ్బురోలు పక్కనున్న రాయి తీసుకుని అద్దం మేకు పీకింది. జానెడు కిందికి కొట్టింది. చప్పుడుకి శివకామి వంటింట్లోంచి కేకేసింది. "ఏమది?" "మేకు వదులైంది అత్తా" అంది. మడమలు నేల మీద ఆనించి పొట్టు పెట్టుకుంది. అద్దంలో తన ముఖం నిండుగా ఉంది, పైన ఖాళీ లేదు.

పూజకి వీధిలో ముత్తైదువలు నలుగురు వచ్చారు. వీరమ్మాళ్ వెనక గుమ్మంలో నిలబడింది. కలశానికి పసుపు ముఖం, కొత్త చీర, వక్కాకు ఎరుపుదే. ముందు అరిటాకులో కచ్చాయాలు, వడలు, పెరుగన్నం. కోదండరామన్ చొక్కా లేకుండా, విబూది పెట్టుకుని, కలశం ముందు కూర్చుని ఉన్నాడు. ఏటా ఈ పూట ఆయన కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంటాడు. శివకామి హారతిచ్చి చేతులు జోడించింది. ఇక్కడే ఏటా అందరూ ఊపిరి బిగబట్టి ఆగేది. చనిపోయినామె పెట్టినది అందుకుందనడానికి గురుతు రావాలి. కలశం మీది పువ్వు రాలాలి, లేదా బల్లి పలకాలి.

"సెప్పు తల్లీ, ఏంటికి కోపం నీకు? ఈ పిల్ల కడుపుని కాపాడు. నీకేం కావాలో సెప్పు" అంది శివకామి.

పువ్వు రాలలేదు. బల్లి పలకలేదు. "తాంబూలం తెస్తా" అని అమరావతి లేచి హాల్లోకి వెళ్ళింది.

నలభై వయొలిన్లు ఇంట్లో లేచాయి. ముత్తైదువలు ఉలిక్కిపడి అటు తిరిగారు. వయొలిన్లు పైకి పోయి ఆగాయి. ఊపిరి వినిపించింది. ఆ ఊపిరి దగ్గరే కోదండరామన్ తల ఎత్తాడు. గొంతు ఇంకా రాకముందే ఎత్తాడు. ఆయనకి చెవి ఉందన్నది మాత్రం అబద్ధం కాదు. 

"వచ్చేసె!" అని శివకామి నేల మీద పడి మొక్కింది. "పంకజం వచ్చేసె! ఇది ఆయమ్మ గొంతే! ఆ తట్టుని ఎవురు ఏసింది? ఆయమ్మే ఏసుకునింది!" ముత్తైదువల్లో ఒకామె చెంపలు వేసుకుంది.

అమరావతి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "నేనే ఏసినాను అత్తా. ఇది పాత తట్టు కాదు. బుధవారం వచ్చిన తట్టు. సినిమా ఇంకా రానేలేదు. అక్క దీన్ని ఈ ఏడే పాడింది."

"ఈ ఏడా?" అంది ముత్తైదువల్లో పెద్దామె. ఆమె చూపు కలశం మీద నుంచి శివకామి మీదికి, అక్కడ్నుంచి కోదండరామన్ మీదికి పోయింది. ఆయన నేల చూస్తున్నాడు. లోపల పాట నడుస్తూనే ఉంది.

"ఎవురు సెప్పింది నీకు?" అని శివకామి వీరమ్మాళ్ వైపు చూసింది.

"ఎవురూ సెప్పలే. నేను విన్నాను. ఈ ఇంట్లో తట్లు వినేది నేనే కదా?"

శివకామి పైకి లేచింది. భయం పోయి ఆమె ముఖంలోకి అలవాటైన గట్టిదనం వచ్చింది. "ఔను, పొయ్యింది! మొగుడొద్దు, పాట కావాలని పొయ్యింది. ఆ మాట సెప్పింటే ఈ వీధిలో మేము తల ఎత్తేది ఎట్ల? వీడికి రెండో పిల్లని ఎవురిస్తారు? సచ్చిపొయ్యిందంటే కనీసం పూలు పెట్టి చేతులెత్తి కుంపిడొచ్చు. దానికీ మర్యాదే, మాకూ మర్యాదే."

"మర్యాదే అత్తా" అంది అమరావతి. "నా బిడ్డలు ఇద్దరూ ఆ మర్యాదకే పొయ్యినారు. బరువు ఎత్తినావా అని నర్సమ్మ అడిగినప్పుడు ఔను అననిచ్చుంటే రెండోదైనా నిలిచేది."

ఆమె గొంతు పైకి లేవలేదు. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు, ఏడుస్తూనే మెడలో పసుపు తాడు ముడి విప్పింది. ముత్తైదువలు "అయ్యో సామీ!" అని చెయ్యి అడ్డం పెట్టబోయారు. తాళి తియ్యలేదు ఆమె. సవతి బిళ్ళ ఒక్కటే గుచ్చినది లాగి, తాళిని మళ్ళీ ముడేసుకుంది. కలశానికి కట్టిన చీర విప్పి, మడత పెట్టి, బిళ్ళని మడతలో పెట్టింది.

"బతికున్న మనిషికి పూవాడ పెట్టకూడదు. ఈ చీర అక్కది. తట్టు కవరు మీద మదరాసు కంపెనీ అడ్రసు ఉండాది, పంకజవల్లి పేరు రాసి పంపిస్తా. నేను కట్టను."

ముత్తైదువలు తాంబూలం తీసుకోకుండానే ఒక్కొక్కరే జారుకున్నారు. శివకామి వంటింట్లోకి పోయి తలుపేసుకుంది. కచ్చాయాలు ఆకులో చల్లారిపోతున్నాయి. వీరమ్మాళ్ వచ్చి ఒకటి తీసుకుని, "నాకు పడతాది తీపి" అని కొరుక్కుంటూ వెళ్ళిపోయింది.

కోదండరామన్ ఇంకా కలశం ముందే కూర్చుని ఉన్నాడు. ఆయన ఏమైనా అంటాడని అమరావతి చూసింది. తప్పయిందని కాదు, ఆ గొంతు గురించి ఒక్క మాట. ఎంత బాగా పాడిందో, అంత మాట చాలు. చివరికి ఆయన విబూది తుడుచుకుని లేచాడు. "రేపు సూలూరు పెండ్లి, పుళ్ళా" అన్నాడు. "బ్యాటరీలు ఇంకా అరుగు మీదికి రాలే."

"రావు మావా. నాకు మూడో నెల."

"అప్పుడు ఎవురెత్తేది?"

"మీ నాయన మీకు చెవులు మాత్రమేనా ఇచ్చింది? చేతులు కూడా ఇచ్చినాడు కదా. పాటల వరస సర్దిస్తాను. పెట్టె మీద సర్దింది అమరావతి అని సుద్దతో రాస్తాను, చెరపొద్దండి."

తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆయన మెడ తిప్పి ఆమెని చూశాడు. అద్దం కిందికి దిగి ఉండడం కూడా అప్పుడే చూశాడు. ఆ చూపులో కోపం వెతికింది అమరావతి, కోపం లేదు. భయం ఉంది. ఒకసారి వదిలిపోబడిన మనిషి భయం.

"నువ్వూ..." అని ఆగాడు. "నువ్వూ పోతావా?"

అమరావతి కొత్త తట్టుని గుడ్డతో ఒకసారి తుడిచి, లేబుల్ మీద పసుపు బొట్టు పెట్టి, కవరులో పెట్టింది.

"తెలీదు మావా" అంది. "ఒకవేళ ఎప్పుడైనా ఈ గడప దాటితే మాత్రం నన్ను సంపొద్దండి. అడిగినోళ్ళందరికీ అమరావతి బతికే ఉండాదని సెప్పండి."